ఒకే తూకంలో ఇద్దరు

మా సెన్సే పోయారన్న వార్త నాకు మా క్లబ్బు చిన్నమ్మాయి మెసేజ్‌లో వచ్చింది. వాటర్లూలో పొద్దున్నే ట్రామ్‌లో ఆఫీసుకు వెళ్తున్నాను. "అక్కా, సెన్సే ఈ మార్నింగ్ పోయారు. నేను పక్కనే ఉన్నా. కాల్ చెయ్" అని ఉంది. దిగాల్సిన స్టాపు దాటిపోయింది. ఏడుపు రాలేదు. మధ్యలో ఉన్న ఆ చిన్న వాక్యం దగ్గరే కళ్ళు ఆగిపోయాయి. నేను పక్కనే ఉన్నా. ఆ పిల్ల పక్కన ఎందుకుంది? నేనెందుకు లేను? మనిషి పోయిందని తెలియగానే ఇలాంటి ప్రశ్న వేసుకునేవాళ్ళు లోకంలో ఎందరుంటారో నాకు తెలియదు. సెన్సేకి చెప్పి ఉంటే మాత్రం ఆశ్చర్యపోయేవారు కాదు. ఈ రకం మనుషుల సంగతి ఆమెకు బాగా తెలుసు. ఆమెదీ అదే రకం.

సెన్సే అంటే జూడో నేర్పే గురువు. మాట జపాన్‌ది గానీ మా సెన్సే బ్రెజిల్ మనిషి. సావో పాలో పక్కన ఒక ఊళ్ళో, అక్కడికి వలస వచ్చిన జపాన్ కుటుంబాల దగ్గర చిన్నప్పుడే ఈ ఆట నేర్చుకున్నారు. యవ్వనమంతా పోటీల్లో గడిపి, మోకాలు ఇక చాలంది గనక మానేసి, కెనడా వచ్చారు. పగలు స్విమ్మింగ్ పూల్ రిసెప్షన్‌లో కూర్చునేవారు. సాయంత్రం కమ్యూనిటీ సెంటర్ బేస్‌మెంట్లో మాకు నేర్పేవారు. వేళ్ళకు చుట్టుకునే టేపును కత్తెరతో కోయడం నేనెప్పుడూ చూడలేదు, పళ్ళతోనే పటుక్కున తెంపేవారు. కాఫీ తెచ్చుకుని, అది చల్లారి నీళ్ళయ్యాక, అప్పుడు గుర్తొచ్చినట్టు తాగేవారు. క్లాసు అయ్యాక మ్యాట్లు తుడిచే పని ఎవరికీ ఇచ్చేవారు కాదు. ఎప్పుడో ఒకసారి ఎవరి చేతికైనా ఆ మాప్ ఇచ్చారంటే, వాళ్ళంటే మిగతావాళ్ళకి వారమంతా కడుపుమంట.

నేను యూనివర్సిటీ మొదటి సంవత్సరంలో, ఊరికే ఉండలేక, అందులో చేరాను. ఊరికే ఉండలేకపోవడం నా జబ్బు. అప్పటికే గిటారు, రన్నింగ్, కుండలు చేయడం, అన్నీ మొదలెట్టి వదిలేశాను. సెన్సే మొదటి నెలంతా ఎవరినీ పడేయనివ్వలేదు, పడటమే నేర్పించారు. వెనక్కి పడటం, పక్కకి పడటం, తల నేలకు తగలకుండా గడ్డం ఛాతీకి అంటించి పడటం. "పడేటప్పుడు నీ బెల్టు ముడి చూసుకో. లోకం సంగతి తర్వాత చూద్దువుగాని" అనేవారు. ఆమె ఇంగ్లిష్‌లో పోర్చుగీసు ఊపు ఉండేది. అది నేను తెలుగులోకి తేలేను, మాటలు మాత్రమే తెస్తున్నాను.

అమ్మ ఆమెను మొదటిసారి చూసింది నన్ను పికప్ చేసుకోవడానికి వచ్చినప్పుడు. అమ్మ కాకినాడ మనిషి. ఇక్కడ ముసలివాళ్ళ కేర్ హోమ్‌లో పని చేస్తుంది, ఎవరి ఒంటిమీద ఏముందో ముందు అదే చూస్తుంది. సెన్సే ఎడమ చెవి పిండి ముద్దలా గట్టిపడి ముడుచుకుపోయి ఉండేది.

"చెవి అలా నలిగిపోయిందేంటే పాపం? ఎవరన్నా కొట్టారా?" అంది నా చెవిలో.

"జూడో ఆడితే అలా అవుతుందమ్మా."

"అయితే నీకొద్దు. పద ఇంటికి."

ఏమంటోందని సెన్సే అడిగారు. చెప్పాను. ఆమె పగలబడి నవ్వి, అమ్మ వైపు తిరిగి రెండో చెవి చూపించారు. "ఇది బాగానే ఉందని చెప్పు మీ అమ్మకి."

ఆ రోజు నుంచి వాళ్ళిద్దరికీ ఎలా కుదిరిందో నాకు అర్థం కాలేదు. అమ్మ పప్పు, అన్నం డబ్బాలో పెట్టి పంపేది. వాళ్ళ దేశంలోనూ రోజూ అన్నంలోకి ఉడికించిన గింజలేనట, సెన్సే డబ్బా మూత తీసి వాసన చూసి కళ్ళు మూసుకునేవారు. తర్వాత తర్వాత నన్ను పలకరించకుండానే "అమ్మ ఎలా ఉంది?" అనడం మొదలుపెట్టారు. అదీ మంటే నాకు. తెచ్చింది నేను, డబ్బా మోసింది నేను.

అసలు మంట మాత్రం చిన్నమ్మాయి వచ్చాక మొదలైంది. ఆ పిల్ల వాళ్ళది గుంటూరు. టెక్సస్ మీదుగా ఇక్కడికొచ్చిన సాఫ్ట్‌వేర్ కుటుంబం. నేను డిగ్రీ ఆఖరి సంవత్సరంలో ఉంటే తను హైస్కూల్. ఇద్దరం యాభై ఏడు కిలోల లోపు విభాగంలోనే పడ్డాం. జూడోలో ఇది గమనించాల్సిన సంగతి. ఎంత ఇష్టమున్నా, ఎంత కష్టపడినా, నీ బరువులో నీకన్నా మెరుగైన మనిషి మీ క్లబ్బులోనే ఉంటే ఇక నీ జీవితం ఆమె వెనకాలే. మా పేర్లు పలకడం కష్టమైతే అమ్మ నేర్పిన రెండు మాటలు సెన్సే పట్టుకున్నారు. "పెద్దమ్మాయ్! చిన్నమ్మాయ్!" అని బేస్‌మెంట్ అదిరేలా అరిచేవారు. చూసేవాళ్ళు అక్కాచెల్లెళ్ళనుకునేవారు.

అక్కాచెల్లెళ్ళం కాదు. నడుము మీదికెత్తి విసిరే హిప్ త్రో, నాకు రెండేళ్ళు పట్టింది, ఆ పిల్లకి ఒక ఎండాకాలంలో వచ్చేసింది. ఎడమ చేతి వాటం కావడంతో ఎవరికీ అందేది కాదు. ఇంటికొస్తే అమ్మ.

"ఆ పిల్ల నీకన్నా లేటుగా వచ్చి ముందుకెళ్ళిపోయిందే. మార్కులు కూడా బాగున్నాయంట."

"మార్కులెవరు అడిగారమ్మా?"

"ఎవరూ అడగలేదు. చర్చిలో వాళ్ళకి తెలిసినావిడ చెప్పింది."

ఒకసారి ఒషావాలో పోటీ జరిగింది. ఫైనల్లో మేమిద్దరమే. చిన్నమ్మాయి నన్ను ఎత్తి పడేసిన చప్పుడు హాలంతా వినబడింది. తిరిగి వచ్చేటప్పుడు సెన్సే పాత కారు హైవే మీద ట్రాఫిక్‌లో ఇరుక్కుంది. ఆ పిల్ల మెడల్ మెడలోనే ఉంచుకుని వెనక సీట్లో నోరు తెరిచి నిద్రపోతోంది. నేను ముందు సీట్లో కూర్చుని, ఎండ పడుతోందన్న నెపంతో పైనున్న షేడ్ దించుకున్నాను. దానికి అద్దం ఉంటుంది.

"నువ్వు చూసేది నీ మొహం కాదు, దాని మెడల్" అన్నారు సెన్సే, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా. "ఎంత మండుతోంది?"

"ఏమీ లేదు సెన్సే. హ్యాపీగానే ఉన్నా."

"పాపం, హ్యాపీ అట. పళ్ళు కొరికేస్తున్నావు, నాకు ఇక్కడికి వినబడుతోంది."

అలా అని, నేనెప్పుడూ అడగని సంగతి ఆమె చెప్పారు. అంతకుముందు ఆమె పోటీల గురించి క్లబ్బు గోడ మీద ఉన్న ఫొటోల్లో చూసింది తప్ప నాకేమీ తెలియదు. ఫొటోల్లో ఆమె ఎప్పుడూ రెండో మెట్టు మీదే ఉంటారు.

మొదటి మెట్టు మీద ఉండేది ఒకే మనిషి. ఇద్దరిదీ ఒకే క్లబ్బు, ఒకే వయసు, ఒకే బరువు. "నేనూ గెలిచాను ఆమె మీద. ఎవరూ చూడని రోజుల్లో గెలిచాను. చూసే రోజున ఆమె గెలిచేది" అన్నారు సెన్సే. పెద్ద పోటీలకి ఒక్కో దేశం నుంచి ఒక్కో బరువులో ఒక్కరే వెళ్తారు. రెండో మనిషికి మిగిలేది టీవీ. ఇలా కాదని సెన్సే ఒక ఉపాయం పన్నారు. ఎవరికీ చెప్పకుండా బరువు తగ్గి యాభై రెండు కిలోల విభాగంలోకి దిగిపోవాలని. అన్నం మానేశారు. ఎండాకాలంలో ఒంటికి ప్లాస్టిక్ చుట్టుకుని పరుగెత్తారు. పోటీ ముందు రోజు మంచినీళ్ళు కూడా తాగకుండా, నోట్లో నీళ్ళు పోసుకుని ఉమ్మేశారు. పెదాలు పగిలి, కళ్ళు లోపలికి పోయి, గెలిచినంత ఆనందంతో తూకం గదిలోకి అడుగుపెట్టారు.

"లోపల తువ్వాలు చుట్టుకుని, పెదాలు పగిలి, కళ్ళు లోపలికి పోయి ఒకామె నిలబడి ఉంది" అన్నారు.

"ఆవిడేనా?"

"ఇంకెవరు? తనూ నా నుంచి పారిపోయి అక్కడికే వచ్చింది! ఒకరికొకరం కనబడకూడదని ఇద్దరం ఒకే బీరువాలో దాక్కున్నాం. తూకం చూసే ఆవిడ ఏమనుకుందో గానీ, మేమిద్దరం నేల మీద కూలబడి నవ్వాం. నవ్వడానికి నోట్లో తడి లేదు. మర్నాడు ఫైనల్లో నన్ను మళ్ళీ పడేసింది."

నేను నవ్వాను. వెనక చిన్నమ్మాయి కదిలి మళ్ళీ నిద్రలోకి జారింది.

"అయిపోలేదు" అన్నారు సెన్సే. ఆ మొదటి మెట్టు మనిషి ఒలింపిక్స్‌కు ఎంపికైంది. పెద్ద పోటీకి వెళ్ళే మనిషి తనతో ఒక జోడీని తీసుకెళ్తుంది. బరిలోకి వెళ్ళేముందు ఒళ్ళు వేడెక్కేలా, చేతులకు పట్టు గుర్తొచ్చేలా, ఆ జోడీని పదే పదే పడేస్తుంది. జోడీ పని పడటం, లేవడం, మళ్ళీ పడటం. జోడీగా ఆమె మా సెన్సే పేరే చెప్పింది. ఫోన్ పెట్టేసి సెన్సే గోడను గుద్దారట, చిటికెన వేలు వంకరపోయింది. స్టీరింగ్ మీద ఆ వేలు చూపించారు.

"వెళ్ళలేదు కదా?" అన్నాను.

"వెళ్ళాను."

"ఎందుకు!"

"నేను వెళ్ళకపోతే ఇంకెవరో పడతారు ఆమె కోసం. అది ఊహించుకుంటే ఇంకా మండింది."

ఆమె రెండో రౌండ్‌లో ఓడిపోయింది. సెన్సే ఏడ్చారు. ఏడుస్తుంటే లోపల ఇంకో మనిషి నవ్వుతోందని కూడా ఆమెకు వినబడింది. "ఆ ఇద్దరూ నేనే. ఎవరినీ బయటికి గెంటలేదు" అన్నారు. అంతే. అసూయ మంచిది కాదనలేదు. నాకు చిన్నప్పటి నుంచి ఆ మాట చెప్పని పెద్దమనిషి ఆమె ఒక్కరే. సండే స్కూల్లో, బళ్ళో, ఇంట్లో అందరూ దాన్ని దులిపేసుకోమన్నవాళ్ళే. సెన్సే మాత్రం, "కుళ్ళుకునేవాళ్ళ కళ్ళు బాగా పనిచేస్తాయి. చూడు, దాని ఎడమ చెయ్యి సంగతి నీకు తెలిసినంత దానికే తెలియదు" అన్నారు. నిజమే. ఆ పిల్ల పడేయబోయే ముందు ఎడమ బొటనవేలు లోపలికి ముడుస్తుంది. క్లబ్బులో ఇంకెవరూ కనిపెట్టలేదు.

పోయిన చలికాలం సెన్సేకి జబ్బు బయటపడింది. ముదిరాకే తెలిసింది. అదే సమయంలో వాంకూవర్‌లో జరిగే దేశస్థాయి పోటీలకు మా ప్రావిన్స్ నుంచి చిన్నమ్మాయి ఎంపికైంది. నేను రెండు. అమ్మ ఇచ్చిన పప్పు డబ్బా పట్టుకుని నేను హాస్పిటల్‌కి వెళ్తే, ఆమె మూత తీసి వాసన మాత్రం చూసి పక్కన పెట్టారు. చెంపలు జారిపోయి ఆ చెవి ఇంకా పెద్దదిగా కనిపించింది.

"చిన్నమ్మాయితో వాంకూవర్ వెళ్తావా?" అన్నారు. జోడీగా అని చెప్పక్కర్లేదు.

"కొత్త జాబ్ కదా సెన్సే. లీవ్ దొరకదు."

"మీ ఆఫీసుని అడగలేదు నేను. నిన్ను అడిగాను."

"ఆలోచిస్తా."

"ఆలోచించు. మీ అమ్మ పప్పులాగా మెత్తగా ఉడకనీ."

అది ఉడికేలోపే ఆమె పోయారు. నేను ఇవ్వాల్సిన జవాబు నా దగ్గరే ఉండిపోయింది.

చివరి రోజుల్లో ఇంటివాళ్ళను తప్ప ఎవరినీ లోపలికి పంపలేదు. ఆమెకు ఇక్కడ ఇంటివాళ్ళు లేరు. మరి చిన్నమ్మాయి పక్కన ఎలా ఉందని ఫోన్ చేసి అడిగాను.

"ఫ్యామిలీ ఓన్లీ అన్నారక్కా. సో, డాటర్‌ని అని చెప్పా."

"నమ్మారా?"

"ఇద్దరం బ్రౌన్ స్కినే కదా. ఎవరూ ఏం అడగలేదు."

కూతురు. ఆ స్థానం అలా ఖాళీగా పడి ఉందని, వెళ్ళి కూర్చుంటే చాలని నాకు తట్టలేదు. ఆ పిల్లకి తట్టింది. ఆ హిప్ త్రో కన్నా ఇది గట్టిగా తగిలింది.

సంస్మరణకు బేస్‌మెంట్లోనే అందరం కలిశాం. ఒక్కొక్కరూ లేచి మాట్లాడారు. ఒక బేకరీ ఆయన, సెన్సే తనకొక్కడికే మాప్ ఇచ్చేవారని చెప్పాడు. ఇంకొకామె, కాదు నాకే అంది. వాళ్ళు చెప్పిన ప్రతి సంగతీ నా జేబులోంచి తీసి చూపిస్తున్నట్టే ఉంది నాకు. అప్పుడు వెనక వరసలోంచి పొట్టిగా, నెరిసిన జుట్టుతో ఒకావిడ లేచి ముందుకొచ్చింది. అమ్మ నా మోచేయి పొడిచింది.

"ఈవిడకీ చెవి అలాగే ఉందే. కుడిది."

ఎవరో నాకు అప్పుడే తెలిసిపోయింది. ఫొటోల్లో మొదటి మెట్టు. బ్రెజిల్ నుంచి ముందు రోజే దిగిందట. ఆవిడ మాట్లాడింది కొంచెమే, "ఈమె నాకోసం పడినంత ఇంకెవరూ పడలేదు" అని పోర్చుగీసు కలిపి చెప్పి కూర్చుంది. నేను పలారం ప్లేటు తీసుకుని పక్కన చేరాను. కారులో విన్న బీరువా కథ చెప్పాను. నాకు ఇది తెలుసు అని చూపించుకోవాలన్న తాపత్రయం కూడా ఉంది. ఆవిడ వింటూ వింటూ ప్లేటు ఒళ్ళో పెట్టేసుకుంది.

"పారిపోయాననుకుందా నేను?"

"ఇద్దరూ పారిపోయారని చెప్పారు."

"నేను పారిపోలేదు. మా క్లబ్బు క్యాంటీన్ ఆవిడ చెప్పింది, మీ స్నేహితురాలు అన్నం మానేసిందని. ఎందుకో అర్థమైంది. నేనూ మానేశాను."

"ఎందుకు? ఆమె వెళ్ళిపోతే మీకు దారి ఖాళీ కదా."

ఆవిడ నా వంక జాలిగా చూసింది. "ఆ బరువులో తనొక్కతే గెలుస్తూ ఉంటే, ఈ బరువులో నేను ఎవరి కోసం లేవాలి పొద్దున్నే? వదలబుద్ధి కాలేదు. వెంటపడ్డాను."

"సెన్సేకి తెలుసా ఇది?"

"చెప్పలేదు. చెబితే మురిసిపోతుంది. ఆ సంతోషం ఇవ్వడం నాకు ఇష్టం లేదు." నవ్వబోయి, నవ్వలేక, చేత్తో ఆ కుడి చెవి రుద్దుకుంది. "ఫోన్లో ఎప్పుడో చెప్పాలి అనుకుంటూనే ఉన్నాను. ముసలిదయ్యాక చెబుదాంలే అనుకున్నాను."

మా సెన్సే జీవితమంతా తను రెండోదాన్నని నమ్మి వెళ్ళిపోయారు. మొదటి మనిషి ఆమె వెనక పరుగెత్తుకుంటూ, నీళ్ళు మానేసి, అన్నం మానేసి వచ్చింది. ఆమె తరఫున నేను సంతోషించాలి. సంతోషించాను కూడా. దానికన్నా ముందు, నా వెంట ఎవరూ అలా పడలేదే అనిపించింది.

ఆవిడ వెళ్ళాక అమ్మ ఖాళీ డబ్బాలు సర్దుతోంది. చిన్నమ్మాయి వచ్చి నా ఎదురుగా మ్యాట్ మీద కూలబడింది. ఏడ్చి ఏడ్చి ముక్కు ఎర్రగా ఉంది.

"అక్కా, వాంకూవర్ వస్తున్నావా, లేదా? సెన్సే చెప్పింది, నువ్వు ఫస్ట్ నో అంటావట, దెన్ మొహం మాడ్చుకుని వస్తావట."

"అలా అన్నారా?"

"ఇంకా బ్యాడ్‌గా అంది. నేను నైస్‌గా చెప్తున్నా."

"నేను రాకపోతే ఎవరున్నారు నీకు?"

"ఒషావా క్లబ్ అమ్మాయి ఒకతి వస్తానంది. షీ ఈజ్ నైస్, యాక్చువల్లీ."

ఆ అమ్మాయి నాకు తెలుసు. మంచి పిల్ల. ఈ పిల్లకి ఏ భుజం మీద ఎంత బరువు వేస్తే కాలు సరిగ్గా పడుతుందో ఆమెకేం తెలుసు? ఆ బొటనవేలి సంగతి ఏం తెలుసు? ఆ నైస్ అమ్మాయి వాంకూవర్‌లో వీపు మీద పడి లేస్తూ, ఈ పిల్ల చెయ్యందిస్తే నవ్వుతూ పట్టుకోవడం నా కళ్ళముందు కనబడింది. ఒళ్ళు మండిపోయింది.

"ఏ ఫ్లైట్?" అన్నాను.

"చూశావా, మొహం మాడ్చావు" అంది చిన్నమ్మాయి.

వాంకూవర్‌లో దిగిన దగ్గర్నుంచి వాన. కొండలు ఉన్నాయన్నారు, కనబడలేదు. ఆటగాళ్ళు బరిలోకి వెళ్ళేముందు ఒళ్ళు వేడెక్కించుకునే హాలు వేరుగా ఉంది. దానికీ బరికీ మధ్య ఒక నల్లటి తెర. పొద్దున్నుంచి చిన్నమ్మాయి నన్ను పడేస్తూనే ఉంది. నేను లేస్తూనే ఉన్నాను. ఆమె కాలు కొంచెం ముందుకు పడుతోందని చెప్పాను. సరిచేసుకుంది. తర్వాతిసారి నేను గాల్లో ఉన్నంతసేపూ నాకు ఏమీ బరువనిపించలేదు, అంత శుభ్రంగా పడేసింది. కింద పడి చేత్తో మ్యాట్ చరిచాక కూడా ఒక్క క్షణం లేవలేదు. ఇంత బాగా పడేయడం నాకు ఎప్పటికీ రాదని తెలిసింది. సెన్సే కూడా ఇలాగే ఎక్కడో, ఏదో హాల్లో, వెల్లకిలా పడి ఉండి తెలుసుకుని ఉంటారు.

అలా పడి ఉండి చూస్తే హాలంతా తలకిందులుగా కనిపించింది. ప్రతి జంటలో ఒకరి వీపు మీద పెద్ద అక్షరాలతో పేరు కుట్టి ఉంది, రెండోవారి వీపు తెల్లగా ఖాళీగా ఉంది. పేర్లున్న వీపులన్నీ వంగి లేస్తుంటే, ఖాళీ వీపులన్నీ ఎగిరి వచ్చి మ్యాట్‌కు తగులుతున్నాయి. తర్వాత ఒక్కో పేరూ మైకులో పిలిచారు. చిన్నమ్మాయి పేరు కూడా పిలిచారు. వెనక్కి తిరిగి చూడకుండా తెర తీసుకుని వెళ్ళిపోయింది. చూసి ఉంటే బాగుండేది.

హాల్లో మేమే మిగిలాం, వీపుల మీద ఏమీ లేనివాళ్ళం. చెమటకు జూడో కోట్లు ఒంటికి అతుక్కుపోయి, ఎవరికి వారు తెర వైపే తిరిగి నిలబడ్డాం. అవతల జనం అరుపులు. నా పక్కన క్యుబెక్ నుంచి వచ్చిన ఒకావిడ కళ్ళు మూసుకుని ఉంది. ఆవిడ చేతులు రెండూ ముందుకు చాచి, వేళ్ళు బిగించి, అక్కడ లేని ఎవరి కాలరో గట్టిగా పట్టుకుని ఉన్నాయి. నా చేతుల వైపు చూసుకున్నాను. అవీ అలాగే ఉన్నాయి.